ఎంగిలి చట్టం

నేను ఫ్రాన్సుకు పోయింది రొట్టె చేయడం నేర్చుకోవడానికి. కోపం నేర్చుకొని వచ్చిందని మా ఆయన అందరితో చెప్తుంటాడు. అది ఉత్తమాట. కోపం నాకు శంషాబాద్‌కు కాపురానికి వచ్చిన ఏడాది నుంచే ఉంది. అది ఎవరి మీదో, ఎందుకో ఫ్రాన్సులో తెలిసింది, అంతే.

విమానాల్లో ఇచ్చే భోజనం వండే వంటశాలలో నేను సూపర్‌వైజర్‌ను. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద గోడౌన్లు దాటాక ఉంటుంది. తెల్ల టోపీ పెట్టుకొని, గ్లౌజులు వేసుకొని, పొద్దంతా రుచి చూడడమే నా పని. పప్పు, పనీర్, కోడికూర, పులావు, ఏ గంగాళం పొయ్యి దిగినా ముందు ఒక చెంచా నా నోట్లోకి పోవాలి. నేను తల ఊపితేనే అది డబ్బాల్లోకి ఎక్కుతుంది, ఆ డబ్బాలు విమానం ఎక్కుతాయి. దుబాయ్ పోయే సేట్లు, ఢిల్లీ పోయే లీడర్లు, హనీమూన్‌కు పోయే కొత్త జంటలు, అందరూ నేను రుచి చూసిన తర్వాత తిన్నవాళ్లే. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇంటికి వస్తే మాత్రం నేను వండిన కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియడానికి వీల్లేదు. మగవాళ్లు తిని చేతులు కడుక్కునేదాకా ఆడవాళ్లు గిన్నెలో వేలు పెట్టరాదు. పెడితే ఎంగిలి. ఈ చట్టం మా అత్తమ్మది. పెళ్లైన కొత్తలో ఒకసారి చారు చుక్క అరచేతిలో వేసుకొని నాలుకకు తగిలించబోతే, వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఉప్పు జూడాల్నంటే ముక్కు లేదా నీకు? ఆవిరి వాసన జూస్తే తెల్వదా?" అంది.

ఆమెకు నిజంగానే తెలుస్తుంది. నాకు తెలియదు. అందుకే మా ఇంట్లో ఇరవై రోజులకొకసారి కూర ఉప్పు కషాయం అవుతుంది, ఆ రోజు మా బావ కంచం జరిపి, "విమానపోళ్లు నీకు జీతమెట్లిస్తున్నరు మరదలా?" అంటాడు. మా ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు నాకు నచ్చదు.

బావ అంటే మా ఆయన అన్న. షాద్‌నగర్ రోడ్డు మీద ప్లాట్లు అమ్ముతాడు. ఒకే ఇంట్లో పైన వాళ్లు, కింద మేము; అత్తమ్మ మా దగ్గర. మామ పోయి చాలా కాలమైంది. బావ భార్య, అదే మా అక్కయ్య, మోకాళ్ల నొప్పులతో కిందికి దిగదు, కాబట్టి ఎవరొచ్చినా వంట నాదే.

నన్ను అన్నింటికంటే ఎక్కువ మండించేది ఏంటంటే, ఈ చట్టం వల్ల దెబ్బతినేది ఆ చట్టం పెట్టుకున్న మనిషే. అత్తమ్మకు షుగర్. మధ్యాహ్నం సూది వేసుకుంటుంది. వేసుకున్నాక కాసేపట్లో అన్నం తినాలి. మామూలు రోజుల్లో మగవాళ్లు ఇంట్లో ఉండరు గనక తింటుంది. దావత్ రోజు తినదు. దావత్‌లో ముందు మందు, తర్వాత ముచ్చట్లు, తర్వాత మళ్లీ మందు, ఆ తర్వాతెప్పుడో బువ్వ. అప్పటిదాకా ఆమె వంటింట్లో పీట మీద కూర్చొని ఉల్లిగడ్డలు తరుగుతూ ఉంటుంది. సూది మాత్రం వేళకు వేసుకుంటుంది. డాక్టర్ మాటలో సగం వింటుంది.

పోయిన దసరా ముందు బావకు ఒక పెద్ద బేరం కుదిరి దావత్ పెట్టాడు. నేను హాల్లో బోటి వేపుడు ప్లేట్లు పెట్టి వచ్చేసరికి అత్తమ్మ బియ్యం డ్రమ్ముకు ఆనుకొని పక్కకు ఒరిగిపోయి ఉంది. చీర చెమటతో తడిసిపోయింది, నేను పిలిస్తే కళ్లు నా వైపు తిరగడం లేదు. చక్కెర నీళ్లు నోట్లో పోశాను, సగం బయటికి వచ్చాయి. దవాఖానలో డాక్టరమ్మ మా మగవాళ్లందరినీ వరసగా నిలబెట్టి అడిగింది.

"సూది ఇచ్చి అన్నం పెట్టకుండ కూసోబెట్టిన్రా? ఇంకోసారి గిట్లయితే నా తాన్కి తెచ్చినా నేను జేసేదేం ఉండదు."

మర్నాటికి ఆ మాట మా ఇంట్లో ఏమైందో తెలుసా? "అమ్మకు ఎండకు కండ్లు తిరిగినయ్" అయింది. ఆ రోజు ముసురు పట్టి ఉంది. ఎండ అనేదే లేదు. వచ్చిన చుట్టాలందరికీ బావ అదే చెప్పాడు, మా ఆయన పక్కన నిలబడి తల ఊపాడు, అత్తమ్మ కూడా "అవ్ బిడ్డా, ఎండకే" అంది. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. నా తల కాదు, వాళ్లది.

ఆ తర్వాత నేను ఆమెతో చాలాసార్లు కొట్లాడాను. ముందుగా తినమన్నాను. చాటుగా తినమన్నాను. వంటింటి తలుపు వేసి నేను కాపలా ఉంటానన్నాను.

"మొగోళ్లు ఆడ కూసోనుంటె నేనీడ ఎట్ల దింటనే? మంది ఏమనుకుంటరు?" అనేది.

"సచ్చిపోతే ఏమనుకుంటరు?" అన్నాను ఒకరోజు, నేను కూడా ఆమె భాషలోకి దిగి.

"పుణ్యాత్మురాలు అనుకుంటరు" అంది, ఉల్లిగడ్డ తరగడం ఆపకుండా.

నిజానికి ఈమె పుట్టుకతో ఇట్లాంటి మనిషి కాదు. పాత ముచ్చట్లు చెప్పేటప్పుడు నోరు జారుతుంది. చేను దగ్గర పని అయ్యాక మామ, తను ఒకే ముంతలో కల్లు తాగేవాళ్లట. ముందు వేలు ముంచి ఒక చుక్క నేలకు విదిలించి, తర్వాత ఆయనో గుక్క, ఈమె ఓ గుక్క. ఒక్కోసారి ఈమే ముందు. మరి అప్పుడు ఎంగిలి ఏమైందని అడిగాను. "అప్పుడు మనం బీదోళ్లం గద" అంది. అంటే మా ఇంటికి స్లాబు, టైల్స్, సోఫాలతో పాటు ఎంగిలి కూడా కొత్తగా వచ్చిందన్నమాట. చేతిలో నాలుగు పైసలు ఆడగానే ఆడవాళ్ల చేతిలోంచి ముంత తీసేసి, మగవాళ్ల చేతిలో సీసా పెట్టి, దానికి ఇజ్జత్ అని పేరు పెట్టుకున్నారు.

ఇట్లా నేను మండుతూ ఉన్న రోజుల్లోనే కంపెనీ వాళ్లు మమ్మల్ని కొందరిని రొట్టెలు నేర్చుకోమని ఫ్రాన్సు పంపారు.

అక్కడి తిండి గురించి నిజం చెప్పాలంటే మొదటి రోజు నాకు దవడ పట్టేసింది. వాళ్ల రొట్టె పైన చెక్క, లోపల దూది. దాన్ని ప్లేటులో కూడా పెట్టరు, బట్ట పరిచిన బల్ల మీద ఉత్తగా పడేస్తారు. వాళ్ల చీజ్ ఒకటి ఉంది. ఆ వాసన మా వంటశాలలో వస్తే నేను సెక్షన్ మొత్తం ఖాళీ చేయించేదాన్ని. వాళ్లు దాన్ని అన్నం అయ్యాక, తీపికి ముందు, కళ్లు మూసుకొని తింటారు. నేను ముక్కు మూసుకొని తిన్నాను. మూడో ముక్కకు ముక్కు వదిలేశాను. వారం తిరిగేసరికి చీజ్ పళ్లెం రాకపోతే వెతుక్కునేదాన్ని. ఆకుకూర కూడా వాళ్లు కూర అయ్యాక తింటారు. దేని తర్వాత ఏది రావాలో అక్కడ గట్టి లెక్క ఉంది, ఆ లెక్క తప్పితే వాళ్లకూ కోపమొస్తుంది. ఆ సంగతి నాకు నచ్చింది.

మాకు రొట్టె నేర్పిన ముసలాయన ఒక ఆదివారం మధ్యాహ్నం తన ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన, వంట చేసిన ఆయన భార్య, గోడ పక్క కుర్చీలో శాలువా కప్పుకున్న ఆయన తల్లి. మా వైపు నుంచి నేను, మా పెద్ద షెఫ్. షెఫ్ గారు గోదావరి జిల్లా మనిషి, కొన్నేళ్లు ఓడల్లో వండాడు, ఫ్రెంచి ముక్క కొంచెం తెలుసు. మాకు మాట కలిపేది ఆయనే.

బల్ల మీద బాతు కాళ్లు వచ్చాయి. దాని కొవ్వులోనే దాన్ని మగ్గబెట్టి, పైన పెళపెళలాడేలా కాల్చారు. పక్కన అదే కొవ్వులో వేగిన ఆలుగడ్డ. నా నోట్లో నీళ్లు ఊరుతున్నాయి. అప్పుడు ముసలాయన సీసా తీశాడు. బిరడా తీసి వాసన చూశాడు. తర్వాత, మేమందరం గ్లాసులు ముందు పెట్టుకొని చూస్తుంటే, ముందు తన గ్లాసులో పోసుకున్నాడు. పోసుకొని తిప్పాడు, మళ్లీ వాసన చూశాడు, ఒక గుక్క తాగి నోట్లో పుక్కిలించాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఇన్ని వేల మైళ్లు విమానమెక్కి వస్తే, ఇక్కడ కూడా అదే కథ.

"సూడు సార్, గీడ గూడ మొగోడే ముందు. పక్కన తల్లి కూసున్నది, పెండ్లాం వండి కూసున్నది, సిగ్గు లేదు" అన్నాను.

తెలుగే గదా అనుకున్నాను. గొంతు మాత్రం అన్ని భాషల్లో అర్థమయ్యే గొంతు. ముసలాయన గ్లాసు కింద పెట్టి షెఫ్ గారి వైపు చూశాడు. షెఫ్ గారు నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఇది ఎలా చెప్పమంటారండీ?" అని గొణిగాడు.

"ఉన్నదున్నట్టే చెప్పుండ్రి" అన్నాను.

చెప్పాడు. ముసలాయన భార్య ముందుగా నవ్వింది, తర్వాత ఆయన. ఆయన చెప్పింది విని షెఫ్ గారు నాతో అన్నాడు: "సీసా లోపల పాడైపోయిందేమో ముందు తెలీదట కదండీ. పాడైతే ఆ చెడ్డ గుక్క ఇంటివాడి నోట్లోనే పడాలట. అతిథుల నోట్లో పడకూడదట. అందుకని ఆయన ముందు చూస్తాడట. ఆపైన ఆయన వంతు అందరి తర్వాతేనండి."

అట్లాగే జరిగింది. ఆయన లేచి ముందు తల్లికి పోశాడు. తర్వాత నాకు, భార్యకు, షెఫ్ గారికి. తన గ్లాసు చివర. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలట. ముసలాయన తల్లి నా కళ్లలోకి చూసేదాకా గ్లాసు వెనక్కి తీయలేదు. సరే ఇక తిందామని నేను బాతు కాలు మీదికి చెయ్యి పోనిస్తే షెఫ్ గారు బల్ల కింద నా కాలు తొక్కాడు. ఎవరూ ముట్టుకోవడం లేదు. ముసలాయన, ఆయన తల్లి, అందరూ ఆగి ఉన్నారు. వండిన ఆమె ఫోర్కు ఎత్తి, ఒక ముక్క నోట్లో పెట్టుకొని, తల ఊపింది. అప్పుడు అందరూ మొదలుపెట్టారు.

బాతు కాలు చాలా బాగుంది. వైన్ వగరుగా మొదలై తర్వాత నేరేడుపండులా దిగింది. గిన్నెలో మిగిలిన కొవ్వును రొట్టె ముక్కతో తుడుచుకొని తినమని వాళ్లే చూపించారు, ఆ పని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పొద్దు వాలేదాకా కూర్చున్నాం. ప్లేట్లు మార్చడానికి ముసలాయనే లేచాడు, ఆయన భార్య కూర్చునే ఉంది. వాళ్లంతా నాకు ఈ భోజనం నచ్చిందా అని అడిగారు. నచ్చిందన్నాను. లోపల మాత్రం మండుతూనే ఉన్నాను. రుచి చూడడం అంటే ఇంటివాళ్లు చేయాల్సిన పని. అది నాకు మా వంటశాలలో రోజూ తెలుసు. గేటు దాటి ఇంటికి వచ్చేసరికి అదే పని పాపం ఎట్లా అవుతుంది?

వచ్చేటప్పుడు ముసలాయన ఒక సీసా ఇచ్చాడు. దాన్ని రెండు చీరల్లో చుట్టి పెట్టెలో పెట్టుకొని తెచ్చాను. అత్తమ్మకు చూపిద్దామని, ఆ ముంత ముచ్చట మళ్లీ చెప్పిద్దామని నా ఆశ.

పెట్టె విప్పకముందే బావ దిగివచ్చాడు. "ఏం మరదలా, ఫ్రాన్స్ మందు దెచ్చినవట. ఆదివారం నీ పేరు మీద దావత్ జేద్దాం. మన ఇంట్ల విమానమెక్కిన మొదటి ఆడిమనిషివి" అన్నాడు.

నా పేరు మీద దావత్. వండేది నేనే. మటన్, తలకాయ కూర, బగారా అన్నం, పచ్చిపులుసు. పొద్దున్నుంచి వంటింట్లో ఉడికాను. మా ఆయన మధ్యలో వచ్చి "జర కారం ఎక్కువెయ్, అత్తాపూర్ నుంచి అన్న దోస్తులొస్తున్నరు" అని పోయాడు. సీసా ఎప్పుడు తీసుకుపోయారో నాకు తెలియదు. నేను ఐస్ పట్టుకొని హాల్లోకి పోయేసరికి బిరడా సీసా లోపల తేలుతోంది. స్క్రూడ్రైవర్‌తో లోపలికి పొడిచేశారు. స్టీలు గ్లాసుల్లో నిండుగా పోసి, సోడా కలిపారు.

"ఏందిది, ద్రాక్షరసం లెక్కున్నది. ఎక్కుతలేదు" అన్నాడు బావ. "గిదానికా అంతమంది అంత ఎగిరేది?"

దోస్తులు నవ్వారు. తర్వాత విస్కీ తీశారు. నేను గుడ్లురిమి మా ఆయన వైపు చూశాను. ఆయన ఐస్ వైపు చూశాడు.

వంటింట్లోకి వచ్చేసరికి అత్తమ్మ చీర చెంగు సర్దుకుంటోంది. సూది డబ్బా కిటికీలో ఉంది.

"ఏస్కున్నవా?" అన్నాను.

"టైమైంది గద" అంది. "మందు అయిపోయిందిగ, ఇంక కూసుంటరు బువ్వకు."

హాల్లో రెండో సీసా మూత తీసిన చప్పుడు వినిపించింది. అత్తమ్మ పీట మీద కూర్చొని ఉల్లిగడ్డ చేతిలోకి తీసుకుంది. కొంతసేపటికి కత్తి ఆగుతూ సాగింది. ఆమె పై పెదవి మీద చెమట. నాకు బియ్యం డ్రమ్ము కనిపించింది. ఇగ చాలు అనుకున్నాను.

నేను కేకలు వేయలేదు. పొయ్యి ఆర్పాను. గిన్నెలన్నిటి మీద మూతలు పెట్టాను. ఒక కంచంలో బగారా అన్నం, మటన్, పులుసు వేసి, అత్తమ్మ చెయ్యి పట్టుకొని లేపి, హాల్లోకి తీసుకుపోయి మగవాళ్ల మధ్యలో సోఫా కుర్చీలో కూర్చోబెట్టాను. కంచం ఒళ్లో పెట్టాను. అందరూ గ్లాసులు పట్టుకొని చూస్తున్నారు.

"బావా, ఫ్రాన్స్ మందు తాగిన్రు గద, ఫ్రాన్స్ పద్ధతి గూడ జూడుండ్రి" అన్నాను. "ఆడ ఇంటి పెద్దమనిషి ముందు రుచి జూసి మంచిగున్నదంటేనే చుట్టాలకు వడ్డిస్తరు. కూర చెడిపోతే ఆ చెడు ఇంటోళ్ల నోట్లనే పడాలె. మా అత్తమ్మ రుచి జూస్తది. జూడకుంటే ఇయ్యాల ఈ ఇంట్ల ఎవ్వరికి బువ్వ లేదు."

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకొని గంటె ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

"ఏమైంది నీకు, మంది ముంగట?" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి.

"మీకేమైందని దవాఖానల డాక్టరమ్మ అడిగింది గద, అప్పుడు చెప్పకపోతివి" అన్నాను, గొంతు తగ్గించకుండా.

దోస్తుల్లో ఒకాయన, "మంచిగనే ఉన్నది పద్ధతి, కానియ్ అమ్మా" అన్నాడు. ఆకలికి అన్నాడో, మర్యాదకు అన్నాడో. అత్తమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కొట్టేంత కోపం ఉంది. నేను కూడా అంతే కోపంగా చూశాను. అప్పటికే ఆమె చెయ్యి వణుకుతోంది, కంచం అంచు గాజులకు తాకి చప్పుడు చేస్తోంది. ఒక ముద్ద పెట్టుకుంది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. రెండో ముద్ద పెట్టుకుంది. మూడోది. తల వంచుకొని, ఎవరినీ చూడకుండా, ఆగకుండా తింది. బొమిక చీకింది. పులుసు జుర్రింది. మధ్యలో చెయ్యి చాచి, టీపాయ్ మీద బావ వదిలేసిన స్టీలు గ్లాసులో అడుగున మిగిలిన నా వైన్‌లో వేలు ముంచి, ఒక చుక్క టైల్స్ మీద విదిలించి, వేలు నాలుకకు రాసుకొని, "పులిసిన కల్లు" అంది. మళ్లీ అన్నంలోకి పోయింది.

కంచం సగానికి వచ్చేసరికి చెయ్యి వణకడం ఆగింది. అప్పుడు నేను గంటె కింద పెట్టాను.

బావ నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వులో చిరాకు ఉంది. "అమ్మా, రుచి జూడుమంటె కంచమంత దింటివి. ముందుగాల నువ్వు ఎంగిలి జేసినంక మేమేం దినాలె?"

అత్తమ్మ తల ఎత్తింది. కోపం ఇంకా దిగలేదు, కానీ ఇప్పుడది నా మీద కాదు.

"నీకు పండ్లు రాకముందు ముద్ద నమిలి నీ నోట్ల వెట్టిన" అంది. "ఏండ్లకేండ్లు నా ఎంగిలే దిన్నవ్. అప్పుడు అడగలే."

బావ గ్లాసు టీపాయ్ మీద పెట్టాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో తెలియక అక్కడే నిలబడ్డాడు.

అత్తమ్మ కంచం నా వైపు చాచింది. "ఉప్పు జర తక్కువైంది" అంది. "ఇగో, నువ్వు గూడ జూడు."

గుమ్మంలోంచి లేచి పోయి, అందరి ముందూ, ఆమె కంచంలోంచి ఒక ముద్ద తీసుకొని నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే తక్కువైంది.